తలలు లెక్కపెట్టి రోడ్డేశారు, బస్సు మాట మరిచారు

మన పల్లెల్లో చాలావాటికి ఒక "స్టేజీ" ఉంటుంది. మెయిన్ రోడ్డు మీద, వేపచెట్టు కిందో, ఎవరో తమ పెద్దల పేరున కట్టించిన షెల్టర్ దగ్గరో బస్సు ఆగే చోటు అది. స్టేజీకి ఊరి పేరే ఉంటుంది, కానీ ఊరు అక్కడ ఉండదు. మూడు నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. కండక్టర్ ఊరి పేరు కేకేస్తాడు, దిగినవాళ్లు సంచులు భుజాన వేసుకుని నడక మొదలుపెడతారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నాలుగు కిలోమీటర్లు గంట నడక. చంకలో పిల్ల ఉంటే గంటంబావు.

కాగితాల్లో మాత్రం ఆ ఊరికి లోటేమీ లేదు. తారు రోడ్డు పడింది, కాబట్టి "అనుసంధానమైన ఆవాసం". నా అభ్యంతరమంతా ఇక్కడే. చిన్న ఊరికి రోడ్డు రావాలంటే జనాభా చూస్తారు, బస్సు రావాలంటే కలెక్షన్ చూస్తారు. ఆ ఊరివాళ్లు ఏ గంటకు, ఎక్కడికి, ఎందుకు వెళ్లాలో మాత్రం ఏ లెక్కలోనూ ఉండదు. లెక్కలోకి రావాల్సింది తలలు కాదు, ప్రయాణాలు.

ముందు జనాభా లెక్క సంగతే చూద్దాం. 2011 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్కుల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఏ సౌకర్యాలున్నాయో పట్టికలు ఉంటాయి. బస్సు, ఆటో, రైల్వే స్టేషన్, జాతీయ రహదారి, పక్కా రోడ్డు, మట్టి రోడ్డు, చివరికి కాలిబాట దాకా ఒక్కోదానికి ఒక గడి. సౌకర్యం ఊళ్లో లేకపోతే అసలు దూరం రాయరు, అక్షరం వేస్తారు. 5 కిలోమీటర్ల లోపైతే ఏ, 5 నుంచి 10 అయితే బి, 10 దాటితే సి. బస్సు గడిలో ఏ అని ఉంటే అర కిలోమీటరు కావచ్చు, నాలుగున్నర కిలోమీటర్లూ కావచ్చు. మోకాళ్లు అరిగిన డెబ్భై ఏళ్ల మనిషికి ఆ రెండూ ఒకటేనా? సౌకర్యం ఉంటే "ఉంది" అంటారు, అంతటితో సరి. రోజుకు ఎన్ని ట్రిప్పులు, ఎన్నింటికి అనే గడి అసలు లేదు. మధ్యాహ్నం ఒక్కసారి వచ్చిపోయే బస్సూ "ఉంది" కిందికే వస్తుంది, గంటకొకటి నడిచే బస్సూ "ఉంది" కిందికే వస్తుంది.

రెండో చిక్కు రెవెన్యూ గ్రామం. పట్టికలో 1,900 జనాభా అని కనిపించే గ్రామంలో అసలు ఊరు 1,200 మంది, రెండు కిలోమీటర్ల అవతల తండా 380 మంది, ఇంకో దిక్కున పాలెం 320 మంది ఉండొచ్చు. బస్సు అసలు ఊరికి వస్తే మొత్తం 1,900 మందికీ వచ్చినట్టే లెక్క. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలను విడి పంచాయతీలు చేశాక, కనీసం వాటి తరఫున అడిగే సర్పంచ్ ఒకరు వచ్చారు. 380 మంది తండాకు ఆ దారీ లేదు.

రోడ్డు పథకాలు ఈ విషయంలో జనగణన కంటే నయం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. రెవెన్యూ గ్రామాన్ని కాకుండా ఆవాసాన్ని లెక్కలోకి తీసుకుంది. మైదానంలో 500 జనాభా, ఏజెన్సీ, కొండ, ఎడారి ప్రాంతాల్లో 250 జనాభా ఉంటే అర్హత. మైదానంలో 500 మీటర్ల పరిధిలో ఉన్న ఆవాసాల జనాభాను కలిపి చూపొచ్చు. ఈ చిన్న నిబంధన ఎన్నో ఊళ్ల రాత రాసింది. 310 మంది పాలెం, 240 మంది గూడెం 400 మీటర్ల దూరంలో ఉంటే కలిపి 550, రోడ్డు వస్తుంది. మధ్యలో చెరువు అడ్డొచ్చి దూరం 700 మీటర్లయితే రెండూ విడివిడిగా 500 లోపే, రోడ్డు రాదు. మనుషులు వాళ్లే, అవసరమూ అదే.

ఆ 500 లెక్క తీసే నెల కూడా చూడాలి. 2011లో గణన ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. ఆ రోజుల్లో ఒక్క రోజైనా ఊళ్లో ఉన్నవాళ్లు, 28 లోపు తిరిగొస్తారని చెప్పినవాళ్లు ఊరి లెక్కలోకి వస్తారు. ఆ మూడు వారాలూ బయటే ఉన్నవాళ్లు ఎక్కడుంటే అక్కడి లెక్కలోకి పోతారు. ఫిబ్రవరి అంటే ఇటుక బట్టీలు, చెరకు నరుకుళ్లు జోరుగా నడిచే కాలం. ఖరీఫ్ కోతలు కాగానే తాళాలు వేసుకుని పోయిన కుటుంబాలు ఉగాది దాటాక గానీ రావు. 540 మంది ఉన్న మెట్ట ఊరు ఫిబ్రవరిలో 480 మందిగా కనిపిస్తుంది. వలసపోయే ఊరికే రోడ్డు అవసరం ఎక్కువ. ఆ వలస వల్లే దానికి అర్హత పోతుంది.

2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన నాలుగో దశలో 2011 జనాభా ఆధారంగా 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేస్తామన్నారు. మైదానంలో గీత మళ్లీ 500 దగ్గరే ఉంది, వామపక్ష తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో 100కి దించారు. బాగా వెనుకబడిన ఆదిమ గిరిజన తెగల ఆవాసాలకు పీఎం జన్‌మన్ కింద కూడా 100 గీతే. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద అరవై, డెబ్భై మందితో ఉన్న ఆవాసాలు ఈ గీతకూ కిందే ఉంటాయి. డోలీ మోతలు ఎక్కువగా అలాంటి చోట్ల నుంచే. డోలీ కట్టడానికి రెండు నిమిషాలు చాలు. గట్టి కర్రకు దుప్పటి రెండు కొసలా ముడివేసి మనిషిని పడుకోబెడతారు. మోయడానికి మాత్రం మనుషులు చాలరు. ఇద్దరు మోస్తుంటే ఇద్దరు పక్కన నడుస్తూ భుజం మారుస్తుండాలి. అరవై మంది ఆవాసంలో పనికెళ్లినవాళ్లు పోగా పగటిపూట ఆ నలుగురు దొరకడమే కష్టం. ప్రసవం దగ్గరపడ్డ గర్భిణులను ముందుగానే తీసుకెళ్లి ఉంచే వసతి గృహాలు ఏజెన్సీలో ఉన్నాయి, అవి కొంత ఆదుకుంటాయి. పాముకాటుకు అలా ముందు తెలియదుగా.

ఇక రోడ్డు వచ్చిన ఊళ్ల సంగతి. సడక్ యోజన మొదటి దశ సూత్రం ఒకటే: ఒక ఆవాసానికి అన్ని కాలాల్లో పనికొచ్చే దారి ఒక్కటి. రెండో దారికి డబ్బు లేదు. దూరాన్ని, ఖర్చును బట్టి అది న్యాయమే. కానీ దాని ఫలితంగా మన పల్లె రోడ్లు చాలావరకు ఊరి రచ్చబండ దగ్గర ఆగిపోయేవిగా తయారయ్యాయి. అవతలి ఊరికి బండ్లబాట ఉంటుంది, రెండు కిలోమీటర్ల డొంక ఉంటుంది, దాని మీద తారు ఉండదు. బైకుకు ఇది సమస్య కాదు. బస్సుకు ఇదే పెద్ద సమస్య.

లెక్క వేసి చూద్దాం. మెయిన్ రోడ్డు నుంచి ఊరికి 4 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 8 కిలోమీటర్లు. పల్లెవెలుగు బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 1.6 లీటర్ల డీజిలు, అంటే 150 రూపాయలు. తలా పదిహేను రూపాయలిచ్చినా పదిమంది ఎక్కితే గానీ డీజిలు డబ్బులే రావు. డ్రైవరు, కండక్టరు జీతాలు, టైర్లు దీనికి అదనం. సమయం ఇంకా ఖరీదైనది. వెళ్లడానికి పది నిమిషాలు, తిప్పడానికి ఐదు, రావడానికి పది. అప్పటికే బస్సులో ఉన్న నలభై మందికి ఇరవై ఐదు నిమిషాలు వృథా. వాళ్లు గొణుగుతారు, తర్వాత వేరే బస్సు చూసుకుంటారు. డిపో మేనేజరు ముందున్న కాగితంలో కిలోమీటరుకు ఎంత వచ్చిందో, సీట్లలో ఎంత శాతం నిండిందో ఉంటాయి. ఆ రెండూ పడిపోయిన ట్రిప్పు ఎక్కువ కాలం బతకదు. దీనికి ఆర్టీసీని తిట్టి లాభం లేదు. ఆ కొలమానాలతో నడిచే సంస్థ అలాగే చేస్తుంది.

అదే ఆ రెండు కిలోమీటర్ల డొంకకు రోడ్డు పడితే బస్సు వెనక్కి తిరగక్కర్లేదు. ఒక మెయిన్ రోడ్డు మీంచి లోపలికి వచ్చి, రెండు మూడు ఊళ్లు కలుపుకుంటూ ఇంకో మెయిన్ రోడ్డెక్కుతుంది. ఒక్కో ఊళ్లో పదిమంది చొప్పున ఎక్కినా బస్సు నిండుతుంది. జిల్లాలో కొత్త రోడ్ల జాబితా రాసేటప్పుడు "ఇది వేస్తే ఏ ఊళ్ల మీదుగా బస్సు తిరగగలదు" అనే ప్రశ్న తప్పనిసరి చేయాలన్నది నా మొదటి కోరిక. 500 జనాభా గీతను పట్టుకుని కూర్చోవడం కంటే ఇది వందరెట్లు మేలు.

రోడ్డు ఉన్నా బస్సు రాలేకపోవడానికి కారణాలు కొన్ని ఊరి చేతుల్లోనే ఉన్నాయి. పల్లె రోడ్డు మీద తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. రాకపోకలు తక్కువుంటే 3 మీటర్లే. బస్సు రెండున్నర మీటర్లు, ఎదురొచ్చే ట్రాక్టరు ట్రక్కు రెండు మీటర్లు. ఎవరో ఒకరు అంచు దిగాలి. అంచున మట్టి కొట్టుకుపోయి జానెడు లోతు పడి ఉంటే బస్సు దిగదు. దిగితే తారు అంచు విరుగుతుంది, మరుసటి వానకు ఆ విరుగు మధ్యదాకా పాకుతుంది. అంచుల్లో ఏటా మొరం పోసి రోలరు తిప్పించడం పెద్ద ఖర్చు కాదు. సడక్ యోజన కింద వేసిన కొత్త రోడ్డుకైతే ఐదేళ్లు కాంట్రాక్టరే మరమ్మతు చూడాలి. రోడ్డు మొదట్లో పాతిన బోర్డు మీద తేదీ చూసి గడువు లోపలే అడగాలి. గడువు ముగిసిన నెలకు అడిగే ఊళ్లే ఎక్కువ.

సర్కారు తుమ్మ ఇంకో బెడద. రెండు పక్కలా కంప పెరిగి రోడ్డు మీదికి వంగుతుంది. కిటికీ పక్క కూర్చున్నవాళ్ల ముఖాలకు ముళ్లు గీసుకుంటాయి, మలుపులో ఎదుటి బండి కనపడదు. ఏడాదికి రెండుసార్లు, వానలు తగ్గాక ఒకసారి, వేసవికి ముందు ఒకసారి కొట్టించాలి. ఊళ్లోకి వచ్చాక బస్సు తిరగాలి. పెద్ద బస్సు ఒక్క మలుపులో తిరగాలంటే ఇరవై నుంచి ఇరవై నాలుగు మీటర్ల ఖాళీ కావాలి. అంత లేకపోతే పక్క బజారులోకి వెనక్కి తీసి తిప్పుకోవాలి. వెనక కండక్టరు విజిలు ఊదుతుంటే, పిల్లల్ని పక్కకు లాగుతుంటే, డ్రైవరు మురికి కాలువ రాయిని తప్పించుకుంటూ వెనక్కి తీస్తుంటాడు. పైన కరెంటు తీగ బస్సు టాపును తాకేలా ఉంటే ఆ రోజుతో సరి, మళ్లీ రాడు. అక్కడే గడ్డివాము, అక్కడే ఇసుక కుప్ప, కోతల రోజుల్లో రోడ్డు మీదే వడ్లు, వాటి చుట్టూ నల్లరాళ్లు. దమ్ము సీజన్లో కేజ్‌వీల్స్ (బురదలో దున్నే ఇనుప చక్రాలు) తియ్యకుండా ట్రాక్టరు తారు మీద నడిపితే ఇనుప పళ్లు పడిన ప్రతిచోటా నీళ్లు నిలుస్తాయి. బస్సు కావాలని తీర్మానం చేసే పంచాయతీ ముందు ఇవన్నీ సరిచేసుకుని ఫొటోలు తీసి పెట్టుకోవాలి. ఆర్టీసీవాళ్లు రూటు చూడటానికి వచ్చినప్పుడు తిరస్కరించడానికి దొరికే కారణాలు ఇవే.

ఇప్పుడు వేళల సంగతి. బస్సుకు పనికొచ్చే వేళలు రోజులో మూడే ఉన్నాయి. ఉదయం 7 గంటల లోపు ఒకటి: ఇంటర్, డిగ్రీ పిల్లలు, పట్నం కూలీలు, పాలు కూరగాయలు తీసుకెళ్లేవాళ్లు. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒకటి: హైస్కూలు, ఆసుపత్రి ఓపీ, తహసీల్దారు ఆఫీసు, బ్యాంకు. సాయంత్రం ఐదు దాటాక తిరుగు బస్సు. ఈ మూడు కుదిరితే 600 మంది ఊరు సగం బతికినట్టే. కానీ చిన్న ఊరికి సాధారణంగా ఏమిస్తారంటే, రద్దీ వేళలన్నీ పెద్ద రూట్లకు వాడుకుని, డిపోలో బస్సు ఖాళీగా ఉన్నప్పుడు ఒక ట్రిప్పు. పదకొండున్నరకు వచ్చే బస్సు ఎవరికి? ఓపీ అందదు, కాలేజీ అందదు. ఆ బస్సు ఖాళీగా తిరుగుతుంది, "ఆదరణ లేదు" అని రాసి ఆపేస్తారు. ఆ రాత తర్వాత పదేళ్లు ఆ ఊరి ఫైలులో ఉంటుంది.

తెల్లవారుజాము బస్సుకు పాత పద్ధతి నైట్ హాల్ట్. రాత్రి ఎనిమిదికి వచ్చి ఊళ్లోనే ఉండి పొద్దున్నే బయలుదేరుతుంది. పట్నం నుంచి రాత్రి తిరిగొచ్చేవాళ్లకు, పొద్దున పోయేవాళ్లకు ఒకే బస్సుతో పని జరుగుతుంది, డిపో నుంచి ఖాళీగా రావాల్సిన కిలోమీటర్లూ మిగులుతాయి. నైట్ హాల్ట్ నిలవాలంటే సిబ్బందికి తాళం పడే గది, మరుగుదొడ్డి, నీళ్లు, దోమతెర, బస్సు దగ్గర లైటు ఉండాలి. పంచాయతీ భవనంలో ఒక గది ఇస్తే సరిపోతుంది. ఆ గది ఇవ్వక పోగొట్టుకున్న బస్సును తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. మంచి పథకం, నేను మనసారా సమర్థిస్తాను. కానీ బస్సు రాని ఊరి ఆడవాళ్లకు అది స్టేజీ దగ్గర మొదలవుతుంది. స్టేజీదాకా ఆటోకు ఇచ్చే ఇరవై రూపాయలు, తిరిగి రావడానికి ఇంకో ఇరవై ఎవరూ ఇవ్వరు. ఉపాధి పనికి, కూలికి వెళ్లే మనిషికి రోజుకు నలభై రూపాయలు చిన్నవి కావు. బస్సున్న ఊరికి ఉచితం, లేని ఊరికి ఛార్జీ. ఈ తేడా గురించి చర్చే లేదు.

ఆటోలే ఈ ఊళ్లను నడుపుతున్నాయి, అది ఒప్పుకోవాలి. ఆటో సీట్లు నిండితేనే కదులుతుంది, చీకటి పడితే రాదు, వస్తే "స్పెషల్" అంటుంది. చట్టప్రకారం ఆటోకు ఉండేది కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్, అంటే బండి మొత్తాన్ని మాట్లాడుకుని వెళ్లడానికి. తలా ఇంత అని తీసుకుంటూ దారిలో ఎక్కించుకుంటూ దింపుతూ వెళ్లడం స్టేజీ క్యారేజీ పని, దానికి మోటారు వాహనాల చట్టంలో వేరే పర్మిట్. అంటే పల్లె రవాణాలో ఎక్కువ భాగం రోజూ పర్మిట్‌కు బయటే నడుస్తోంది. ముగ్గురి బండిలో తొమ్మిది మంది ఉండగా ప్రమాదమైతే బీమా డబ్బు దగ్గర పేచీ మొదలయ్యేది ఇక్కడే. దారి చట్టంలోనే ఉంది. 2019 సవరణతో 67వ సెక్షన్‌లో చేర్చిన మూడో ఉపసెక్షన్ ప్రకారం, గ్రామీణ రవాణా కోసం, చివరి మజిలీ (బస్సు దిగాక ఇంటిదాకా ఉండే దూరం) కోసం రాష్ట్ర ప్రభుత్వం పర్మిట్లను మార్చొచ్చు, కొత్త పథకం పెట్టి లైసెన్సులివ్వొచ్చు. పది పన్నెండు సీట్ల బండి, నిర్ణీత వేళలు, నిర్ణీత ఛార్జీ, నిండినా నిండకపోయినా కదలాలన్న షరతు, అందుకు బదులుగా లోటు భర్తీ. అడగాల్సింది ఇదే.

లోటు ఎంత? మండల కేంద్రానికి 14 కిలోమీటర్లు, రోజుకు నాలుగుసార్లు రాకపోకలంటే 112 కిలోమీటర్లు. లీటరుకు 16 ఇచ్చే బండికి 7 లీటర్లు, దాదాపు 670 రూపాయలు. డ్రైవరుకు 600, వాయిదా, బీమా, టైర్లు, మరమ్మతులకు 730 అనుకుంటే రోజుకు 2,000. ఒక్కో వైపు సగటున ఆరుగురు, తలా 30 రూపాయలు ఇస్తే 48 మందికి 1,440. లోటు 560, ఏడాదికి రెండు లక్షల పైచిలుకు. సడక్ యోజన నాలుగో దశకు పెట్టింది 70,125 కోట్లు. వంతెనలతో కలిపి కిలోమీటరుకు సగటున 1.12 కోట్లు. నాలుగు కిలోమీటర్ల రోడ్డుకు నాలుగున్నర కోట్లు ఖర్చుపెట్టి, దాని మీద బండి నడవడానికి ఏడాదికి ఆ ఖర్చులో అర శాతం కూడా ఇవ్వలేమంటే ఎలా నమ్మాలి?

జనాభా పెరిగాక చూద్దామనే మాటకు ఇప్పుడు అర్థం లేదు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. చిన్న ఊళ్లు ఇంకా చిన్నవవుతాయి, ఉండేవాళ్లలో ముసలివాళ్లు పెరుగుతారు. వాళ్లు బైకు నడపలేరు. పిల్లలు తక్కువని బడి మూతపడితే మిగిలిన పది మంది పిల్లలూ రోజూ పొరుగూరికి ప్రయాణికులవుతారు. తలలు తగ్గుతుంటే ప్రయాణాలు పెరుగుతాయి.

అందుకే ఊరు తన లెక్క తానే తీయాలి. స్టేజీ దగ్గర, ఊరి మొదట్లో ఒక్కో మనిషి, ఏడు రోజులు, ఉదయం ఐదు నుంచి రాత్రి ఎనిమిది దాకా. వారంలో సంత రోజు, సోమవారం తప్పక ఉండాలి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు కాబట్టి. అరగంటకో గీత గీసి, నడిచి ఎందరు, ఆటోలో ఎందరు, బైకు వెనక ఎందరు, ఆడ, మగ, విద్యార్థి, ఎక్కడికి అని రాయాలి. పండగ వారం, పెళ్లిళ్ల వారం వద్దు, ఆ అంకెలు ఎవరూ నమ్మరు. బస్‌పాసులున్న పిల్లల జాబితా కాలేజీ పేర్లతో విడిగా ఉండాలి. దరఖాస్తులో "బస్సు సౌకర్యం కల్పించగలరు" అని రాస్తే లాభం లేదు. ఫలానా సర్వీసు ఉదయం ట్రిప్పును ఫలానా స్టేజీ నుంచి నాలుగు కిలోమీటర్లు పొడిగించాలి, ఊళ్లో ఇన్ని గంటలకు ఉండాలి అని రాయాలి. గ్రామసభ తీర్మానం, లెక్క కాగితం, బస్సు తిరిగే చోటు ఫొటో, రోడ్డు వెడల్పుపై పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) రాసిన కాగితం జతచేయాలి. డిపో మేనేజరుకు ఇచ్చి, రీజనల్ మేనేజరుకు ప్రతి పంపాలి. "డయల్ యువర్ డీఎం" (డిపో మేనేజరుతో నేరుగా ఫోన్‌లో మాట్లాడే కార్యక్రమం) జరిగే రోజు ఫోన్ చేసి గుర్తుచేయాలి. ట్రిప్పు వచ్చిన మొదటి నెల ఊరంతా ఆ బస్సే ఎక్కాలి. బస్సుకు ఐదు నిమిషాల ముందు ఆటో ఎక్కేస్తే ఆ నెల అంకెలే తర్వాత అడ్డం తిరుగుతాయి.

స్టేజీ దగ్గర తీసే లెక్కకు ఒక లోపం ఉంది. అది బయలుదేరినవాళ్లనే లెక్కపెడుతుంది. కాబట్టి ఇంటింటికీ వెళ్లి ఇంకో ప్రశ్న అడగాలి: ఈ నెలలో వెళ్లాల్సి ఉండి వెళ్లలేకపోయిన ప్రయాణం ఏదైనా ఉందా? జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. బీపీ మాత్రలు అయిపోయి పన్నెండు రోజులైంది, ఆదివారం అబ్బాయి వచ్చినప్పుడు తెస్తాడు. మిరపకాయలు సంతకు పట్టుకెళ్లలేదు, ఊళ్లోకి వచ్చిన బేరగాడికే ఇచ్చేశాను. అమ్మాయికి ఇంటర్ సీటు వచ్చింది, సాయంత్రం స్టేజీ నుంచి చీకట్లో నడిచి రావాలని పంపలేదు.